ఇల్లు ఇక్కడ... కొలువెక్కడో!

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఖాళీగా ఉన్న యువతను చూసి ‘పరిశ్రమలు రావాలి’ అంటాం. వచ్చిన పరిశ్రమకు ఇక్కడి నుంచి రోజూ వెళ్లి రాగలరా అని మాత్రం అడగం. ఉత్తరాంధ్ర నిరుద్యోగంలో కిలోమీటర్ల వాటా ఎంతో చెప్పే కథనమిది.

కొడుక్కి ఉద్యోగం దొరికిందంటే చాలాచోట్ల చుట్టాలు ముందు జీతమెంత అని అడుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లల్లో మొదటి ప్రశ్న ‘ఎక్కడట?’ అని. హైదరాబాద్ అంటే సంక్రాంతికి వస్తాడని సరిపెట్టుకుంటారు. చెన్నై అంటే తోడెవరున్నారని ఆరా తీస్తారు. పైడిభీమవరం అంటే ‘కంపెనీ బస్సు ఉందా?’ అంటారు. కూతురి ఉద్యోగమైతే ఆ బస్సు ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆమె వెళ్లేదీ మానేదీ తేలిపోతుంది.

ఈ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభాలో పట్టణవాసులు 16 శాతం, విజయనగరంలో 21 శాతం. రెండు జిల్లాల్లోనూ మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది స్త్రీలున్నట్టు లెక్క తేలింది. పనికోసం ఊరు దాటిన మగవాళ్లు ఎందరో ఆ అంకెల వెనకున్నారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లు పట్టణంలో దొరికిన చిన్నాచితకా పని చేసుకుంటూనో, ఏ పనీ లేకుండానో మిగిలారు.

పట్టాలు ఒక ఊరికి, హైవే ఒక ఊరికి

ఈ రెండు పట్టణాలకూ ఓ విచిత్రమైన పోలిక ఉంది. విజయనగరానికి రైలుంది. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉండటమే కాదు, 1931లో పూర్తయిన రాయ్‌పూర్ లైను కూడా అక్కడే కలుస్తుంది. కానీ పదహారో నంబరు జాతీయ రహదారి ఆ ఊళ్లోకి రాదు. నాతవలస దగ్గర దిగి లోపలికి రావాలి. శ్రీకాకుళానిది సరిగ్గా తిరగబడ్డ కథ. జాతీయ రహదారి పట్టణం పక్కనుంచే పోతుంది, రైలు మాత్రం ఊళ్లోకి రాదు. శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. పట్టణం నుంచి అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు.

ఇప్పుడు పరిశ్రమలెక్కడున్నాయో చూడండి. శ్రీకాకుళం జిల్లాకు పెద్దదైన పైడిభీమవరం పారిశ్రామికవాడ రణస్థలం మండలంలో, హైవే మీద ఉంది. అరబిందో, డాక్టర్ రెడ్డీస్ వంటి మందుల కంపెనీల యూనిట్లున్నది అక్కడే. ఆ దరిదాపుల్లో రైలు లేదు. విజయనగరం నుంచి వెళ్లే పట్టాలు చీపురుపల్లి, పొందూరు మీదుగా లోపలి దారి పడతాయి. రైలున్న ఊరివాడికి ఫ్యాక్టరీ హైవే మీదుంటే, హైవే ఉన్న ఊరివాడికి విశాఖ చేర్చే చవకైన రైలు ఆమదాలవలసలో ఉంది. పొద్దున్నే ఒక షేర్ ఆటో, ఒక బస్సు, మళ్లీ ఇంకో ఆటో పడితేనే గేటు దగ్గరికి చేరేది.

విశాఖ చేరినా చిక్కు తీరదు. విజయనగరం నుంచి విశాఖకు రైల్లో 61 కిలోమీటర్లు. ఒకప్పుడు పోర్టు, షిప్‌యార్డు లాంటి పెద్ద కొలువులు రైల్వేస్టేషన్‌కు అందుబాటులో ఉండేవి. తర్వాత పరిశ్రమ నగరానికి దక్షిణంగా జరుగుతూ పోయింది. ముందు గాజువాక దాటి ఉక్కు కర్మాగారం, ఆ తర్వాత పరవాడ ఫార్మాసిటీ, ఇంకా అవతల అచ్యుతాపురం సెజ్, వేలాది మంది మహిళలు పనిచేసే బ్రాండిక్స్ దుస్తుల పార్కు. ఉత్తరం నుంచి వచ్చే కుర్రాడికి ఆ కొలువులకూ తన ఊరికీ మధ్య విశాఖ నగరమంతా అడ్డంగా ఉంది. స్టేషన్‌లో దిగాక అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది.

జీతంలో దూరం వాటా

కాగితం, పెన్ను తీసుకుని ఓ చిన్న లెక్క వేద్దాం. అంకెలు మన ఊహే, ఎవరి జీతం వాళ్లు వేసుకుని చూసుకోవచ్చు. నెలకు 12 వేల రూపాయల ఉద్యోగం, 26 రోజుల పని. రోజుకు రానూపోనూ ఆటో, బస్సు కలిపి వంద రూపాయలు. బయట తిండికి, టీకి మరో యాభై. నెలకు 3,900 రూపాయలు దారిలోనే అయిపోయాయి. మిగిలింది 8,100. ఎనిమిది గంటల షిఫ్టుకు నాలుగు గంటల ప్రయాణం తోడైతే ఇంటికి దూరంగా గడిపేది రోజుకు పన్నెండు గంటలు. అంటే గంటకు 26 రూపాయలు.

అదే మనిషి ఇంటి పక్క దుకాణంలో ఎనిమిది గంటలకు నెలకు 8 వేలకు కుదిరితే గంటకు 38 రూపాయలు పడుతుంది. ‘కంపెనీలో పన్నెండు వేలిస్తామంటే రారు, ఊళ్లో తిరుగుతారు’ అని యాజమాన్యాలు అనే కుర్రాళ్ల చేతిలో నిజానికి ఉన్నది ఈ లెక్కే. దాన్ని బద్ధకం అంటే ఎలా?

ఈ లెక్క ఎంత సున్నితమో కొవిడ్ తర్వాత తేలింది. 2020 మార్చిలో ఆగిన పాసింజరు బండ్లు మళ్లీ పట్టాలెక్కాక వాటిలో ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. పది రూపాయలున్న కనీస టికెట్టు ముప్పై అయింది. పాత చార్జీలు తిరిగొచ్చింది 2024 ఫిబ్రవరిలో. నడుమ సీజన్ టికెట్లూ కొంతకాలం నిలిచిపోయాయి. నూటయాభై కిలోమీటర్ల దాకా ఇచ్చే ఆ సీజన్ టికెట్టే ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి వాళ్లకు విశాఖను రోజువారీ ఊరుగా మార్చింది. అది లేని నెలల్లో చిన్న జీతగాళ్లకు రైలుకన్నా ఇంట్లో ఉండటమే చవకయింది.

ఆ బండ్లను జనం ఎంతగా నమ్ముకున్నారో ఒక విషాదం చూపింది. 2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం విశాఖ నుంచి వస్తున్న పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొట్టింది. విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ పది మందికి పైగా చనిపోయారు. ఉత్తరాంధ్ర పల్లెలకూ పట్నాలకూ విశాఖతో ఉన్న రోజువారీ బంధమంతా నడిచేది ఆ లైను మీదే.

పని ఉందన్న సమాచారానికీ దూరమే ఆటంకం. ఇంటర్వ్యూకి వెళ్లి రావడం ఒక రోజు కూలి, ఒక రోజు చార్జీ. ఖాళీగా ఉన్న కుర్రాడు ఎన్నిసార్లు ఆ ఖర్చు పెట్టగలడు? మూడుసార్లు తిరిగొచ్చాక నాలుగోసారి ఇంట్లో అడగడానికి మొహం చెల్లదు. యజమాని వైపూ ఇదే తూకం. వాషింగ్టన్‌లో పరిశోధకులు చిన్న ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి చూస్తే, దూరంగా ఉండేవాళ్లకు తిరిగి ఫోన్లు తక్కువగా వచ్చాయి. ఆలస్యంగా వస్తాడేమో, త్వరగా మానేస్తాడేమో అన్న అనుమానం మన సూపర్‌వైజర్లకు మాత్రం ఉండదా!

సైరన్ వినిపించేంత దగ్గర

ఇంటికీ పనికీ నడక దూరమే ఉన్న కాలం ఈ నేల చూసింది. నెల్లిమర్ల, చిట్టివలస, విజయనగరం, బొబ్బిలి, రాజాంలలో జనపనార మిల్లులుండేవి. మిల్లు చుట్టూ ఊరు పెరిగింది. సైరన్ విని కార్మికులు ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు. భోజనాల వేళకు క్యారేజీలు నడిచి వచ్చేవి. ఆమదాలవలస, భీమసింగిల్లో సహకార చక్కెర ఫ్యాక్టరీలు, గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం కూడా ఇలాగే తమ చుట్టూ ఊళ్లను పెంచుకున్నాయి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ప్లాస్టిక్ సంచి వచ్చింది, మిల్లులు పాతబడ్డాయి, లాకౌట్లు మొదలయ్యాయి. నెల్లిమర్ల కార్మికుల ఆందోళన 1994లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ఆమదాలవలస, భీమసింగి చక్కెర ఫ్యాక్టరీల్లో గానుగ ఆగిపోయింది. కరెంటు చార్జీల దెబ్బకు ఫెర్రో అల్లాయ్స్ యూనిట్లు తరచూ మూతపడుతూ తెరుచుకుంటూ వచ్చాయి.

మిల్లు మూతపడితే పని పోతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. మిల్లు పోయిన ఊళ్లో ఇంటికి ధర పలకదు. దాన్నమ్మి విశాఖలో గది కూడా కొనలేరు. నలభై ఏళ్లు దాటిన కార్మికుడికి కొత్త ఊళ్లో అద్దె, పిల్లల చదువు, ఇక్కడి రేషన్ కార్డు, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఆలోచనకొస్తాయి. చివరికి అతను ఆటో కొంటాడు, లేదా అడ్డా మీద నిలబడతాడు. సొంతిల్లు ఉండటమే అతన్ని అక్కడ కట్టి పడేసింది.

పట్టా వచ్చింది, బస్సు రాలేదు

పని దూరం జరగడం ఒక ఎత్తయితే, ఇంటిని మనమే దూరం జరపడం మరో ఎత్తు. పేదలకు ఇళ్ల స్థలాలిచ్చేటప్పుడు ప్రభుత్వాలన్నీ చేసే పని ఒకటే. ఊళ్లో భూమి ఖరీదు కాబట్టి ఊరి బయట చవగ్గా దొరికిన చోట లేఅవుటు వేస్తారు. 2020 డిసెంబరులో రాష్ట్రవ్యాప్తంగా 30 లక్షలకు పైగా స్థలాల పంపిణీ మొదలైనప్పుడు విజయనగరం వాటాగా వచ్చింది గుంకలాం. 397 ఎకరాల్లో 12,301 స్థలాలతో రాష్ట్రంలోని అతిపెద్ద లేఅవుట్లలో అదొకటి. అంతకుముందు పేదలకు ప్రభుత్వం కట్టిన టిడ్కో అపార్ట్‌మెంట్లకూ పట్టణాల అంచులే దొరికాయి.

సొంతింటి విలువను తక్కువ చేయలేం. అద్దె తప్పడం, పట్టా మీద ఆడకూతురి పేరుండటం చిన్న సంగతులు కావు. కానీ అక్కడికి వెళ్లేది ఎవరు? ఊళ్లో నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె, మార్కెట్లో మూటలు మోసే ఆయన, టిఫిన్ బండి నడిపే కుటుంబం. వాళ్ల సంపాదనకు పెట్టుబడి పట్టణం నడిబొడ్డున ఉండటమే. తెల్లవారుజామున పాచిపనికి అందుకోవాలంటే ఆమెకు ఆ వేళకు బస్సు కావాలి. అది లేకపోతే నాలుగిళ్లు రెండిళ్లవుతాయి.

అహ్మదాబాద్ అనుభవం దీన్ని రుజువులతో చూపింది. అక్కడ 1987లో బస్తీల్లో ఉండే కార్మిక మహిళలకు లాటరీ తీసి ఊరి చివర మంచి ఇళ్లు కేటాయించారు. ఇళ్లు చేతికందిన పద్నాలుగేళ్లకు ఆర్థికవేత్తలు వెళ్లి చూశారు. ఇళ్లు బాగున్నాయి గానీ, లాటరీ తగలని వాళ్లతో పోలిస్తే ఆదాయం పెరగలేదు, పనిలో ఉన్నవాళ్లూ పెరగలేదు. దాదాపు మూడోవంతు మంది అసలు ఆ ఇళ్లకు వెళ్లనే లేదు. దాదాపు మరో మూడోవంతు వెళ్లి, తర్వాత వదిలేశారు. కష్టంలో చేబదులిచ్చే పొరుగు, పని ఉందని కబురు చెప్పే చుట్టం పాత బస్తీలోనే ఉండిపోయారు మరి!

అమెరికాలో ఈ సంగతిని 1968లోనే జాన్ కైన్ అనే ఆర్థికవేత్త రాశారు. షికాగో, డెట్రాయిట్ నగరాల్లో పరిశ్రమలు శివార్లకు తరలిపోతుంటే, ఇళ్ల విషయంలో సాగిన వివక్ష వల్ల నల్లజాతివారు నగరం నడుమే చిక్కుకుపోయి పనులు కోల్పోయారని ఆయన వాదన. మన దగ్గర దిక్కు మారింది. పేదల ఇళ్లు ఒక శివారుకు, ఫ్యాక్టరీలు మరో శివారుకు పోతున్నాయి.

లెక్కకు రాని నిరుద్యోగం

ప్రభుత్వ సర్వేలో నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని వెతుకుతూ ఉండాలి, లేదా పనికి సిద్ధంగా ఉన్నానని చెప్పాలి. దూరం చూసి వెతకడం మానేసిన అమ్మాయి ‘ఇంటిపని’ కింద నమోదవుతుంది. నిరుద్యోగ రేటులో ఆమె కనిపించదు. శ్రామికశక్తి సర్వే అంకెలు 2025 నుంచి నెలనెలా వస్తున్నా ఆమె మాత్రం ఆ లెక్క బయటే ఉంటుంది.

ఆమెకు పని చేయాలని లేదా అంటే, ఉంది. 2011–12 జాతీయ నమూనా సర్వే ఇంటిపనుల్లో ఉన్న మహిళలను ‘ఇంటి దగ్గరే పని దొరికితే చేస్తారా?’ అని అడిగింది. పల్లెల్లో దాదాపు మూడోవంతు, పట్టణాల్లో నాలుగోవంతుకు మించి చేస్తామన్నారు. ఎక్కువమంది కోరిన పని కుట్టుపని. దూరాన్ని తీసేస్తే పనికి వచ్చే చేతులెన్నో ఈ జవాబుల్లోనే ఉంది.

మన దగ్గర అలాంటి పనులున్నాయి. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచేవాళ్లలో అత్యధికులు చుట్టుపక్కల మహిళలే. పొందూరులో సన్నని ఖద్దరు నూలు ఇంట్లోనే వడుకుతారు. దగ్గరగా ఉండటం వీటి బలం. కూలి పెరగకపోవడం బలహీనత. నడక దూరంలో ఉన్న ఒకట్రెండు పనులు తప్ప మరేవీ అందనప్పుడు కూలి కోసం గట్టిగా అడిగే వీలుండదు. బస్సు ఒకటి పెరిగితే అది ఎక్కని వాళ్లకూ మేలే. వేరే చోటికి వెళ్లగలరన్న భయం ఉంటేనే దగ్గరి యజమాని నాలుగు రూపాయలు పెంచుతాడు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. మనం పైన వేసిన లెక్కలో బస్సు చార్జీ వాటా మహిళలకు దీనితో చెరిగిపోతుంది. ఇది మెచ్చుకోదగ్గ అడుగు. కాకపోతే బస్సంటూ ఉన్నచోటే ఉచిత టికెట్టు పనికొస్తుంది. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు చేర్చే బస్సు, రాత్రి పదికి ‘బి’ షిఫ్టు దిగినవాళ్లను ఇంటికి తెచ్చే బస్సు షెడ్యూల్లో ఉంటేనే ఆ ఉచితానికి అర్థం. పైగా ఫ్యాక్టరీల్లో రోజు పనివేళను పది గంటల దాకా పెంచే వీలు కల్పిస్తూ, రాత్రి షిఫ్టుల్లో మహిళలను అనుమతిస్తూ రాష్ట్రం 2025లో చట్టాన్ని సవరించింది. పది గంటల పనికి నాలుగు గంటల ప్రయాణం కలిస్తే నిద్రకు మిగిలేదెంత?

రోజూ వెళ్లలేకే వలస

రోజూ వెళ్లి రాలేని దూరంలో పని ఉంటే మిగిలే దారి వలస. ఉత్తరాంధ్రకు ఇది తరాల అలవాటు. కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్లారు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమిస్తే ఎందరో కాలినడకన తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఆ చరిత్ర మిగిల్చిందే. రైళ్లొచ్చాక ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, చెన్నైలలో భవనాల పని.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడ్డ మత్స్యకారుల్లోనూ ఎక్కువమంది ఈ జిల్లాల వాళ్లే. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. సుదీర్ఘ తీరమున్న జిల్లా మనిషి అరేబియా సముద్రంలో వలెందుకు వేశాడు? ఇంటి దగ్గర పెద్ద పడవలు ఆగే హార్బరు లేకనే. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. చేపల రేవుల మాటా వినిపిస్తోంది. ఇవి ఆలస్యమైన ప్రతి ఏడూ వెరావల్ రైలుకు గిరాకీయే.

చదువుకున్నవాళ్లదీ ఇదే దారి. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఆ పక్కనే ట్రిపుల్ ఐటీ, రాజాంలో, విజయనగరంలో ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. చదువును ఇంటి దగ్గరికి తెచ్చుకోగలిగాం. డిగ్రీ చేతికొచ్చాక ఎక్కాల్సిన బండి మాత్రం మారలేదు.

కొత్త అవకాశం, పాత తప్పు

ఇప్పుడు ఉత్తరాంధ్ర భూపటం మారుతోంది. భోగాపురంలో 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం విశాఖ, విజయనగరం, శ్రీకాకుళాల నడుమ ఉంది. ఇన్నాళ్లూ దక్షిణానికి జరిగిన కొలువులు ఉత్తరానికి మళ్లడానికి ఇదే సమయం. విమానాశ్రయం చుట్టూ హోటళ్లు, గోదాములు, రవాణా సంస్థలు వస్తాయి. పైడిభీమవరం కూడా దగ్గరే. కానీ భోగాపురం కూడా హైవే ఊరే. విజయనగరం స్టేషన్ నుంచి, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి షిఫ్టు వేళలకు బస్సులు లేకపోతే ఆ పనులకు మనుషులు దూరప్రాంతాల నుంచి వచ్చి షెడ్లలో ఉంటారు. పక్క ఊరి కుర్రాడు విమానాలను చూస్తూ కూర్చుంటాడు.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలంటూ 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అందులో జిల్లావాడు కూడా స్థానికుడే. ఇచ్ఛాపురం వాడు పైడిభీమవరంలో స్థానికుడే అవుతాడు, రోజూ వెళ్లి రావడం మాత్రం అతని వల్ల కాదు. దూరాన్ని గుర్తించిన చట్టం మనకు లేకపోలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెవాసికి ఐదు కిలోమీటర్ల లోపు పని చూపాలని, అంతకు మించితే పది శాతం అదనపు కూలి ఇవ్వాలని చెప్పింది. పట్టణ కార్మికుడికి అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదు.

బస్సులు వేస్తే అన్నీ తీరిపోతాయని కూడా అనుకోకూడదు. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో శివారు యువతకు పని వెతుక్కోవడానికి బస్సు చార్జీలిచ్చి చూశారు. కొద్ది నెలల్లో శాశ్వత ఉద్యోగాలు పొందినవాళ్లు పెరిగారు. నాలుగేళ్లు గడిచేసరికి ఆ తేడా చెరిగిపోయింది. దరఖాస్తు ఎలా రాయాలో, తమ నైపుణ్యం ఎలా చూపించాలో నేర్పిన వాళ్లకు మాత్రం సంపాదనలో మేలు నిలిచింది. దారి చూపడం, నైపుణ్యం నేర్పడం కలిసి సాగాలన్నది అందులో పాఠం.

చేయాల్సిన పనులు పెద్దవేం కావు. పైడిభీమవరం, భోగాపురం, బొబ్బిలి పారిశ్రామికవాడల షిఫ్టు వేళలను ముందు పెట్టుకుని ఆర్టీసీ తన షెడ్యూలు రాసుకోవాలి. ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో పాసింజరు బండి దిగేవేళకు బయట బస్సు సిద్ధంగా ఉండాలి. భూమి రాయితీ పొందిన ప్రతి పరిశ్రమ కార్మికుల రవాణాకు, మహిళల హాస్టల్‌కు ఒప్పందంలోనే పూచీ పడాలి. ఇళ్ల లేఅవుటుకు అనుమతిచ్చే ముందు అక్కడి నుంచి పనికి వెళ్లే దారిని, ఖర్చును లెక్కగట్టాలి. బస్సు నడవని చోట పట్టా ఇవ్వకూడదు. జాబ్ మేళాలు జిల్లా కేంద్రంలోనే కాకుండా పలాసలో, పాలకొండలో, చీపురుపల్లిలో పెట్టాలి.

వేల కోట్ల పెట్టుబడి ఒప్పందాల పక్కన ఇవన్నీ చిన్న ఖర్చులు. ఓట్లడగడానికి వచ్చే నాయకుడు ఎన్ని ఉద్యోగాలు తెస్తానంటున్నాడో వినండి. అక్కడికి మన ఊరి నుంచి ఉదయం షిఫ్టుకు మొదటి బస్సు ఎన్ని గంటలకు అని కూడా అడగండి. దానికి సమాధానం లేకపోతే, ఆయన చెప్పిన ఉద్యోగాలు మన పిల్లలవి కావు.